దానంతట అదే తిరిగిన స్టీరింగు

బుజ్జమ్మా, పాలు కాచి మూత పెట్టాను. ఐదింటికి షాపాయన వస్తాడు. కంప్యూటర్లో నీ కారు ఆటకి వాడి చూడమని ఆయన ఇచ్చిన రెండు స్టీరింగుల్లో పెద్దది ఇచ్చెయ్, చిన్నది ఉంచుకో.

పొద్దున బల్ల తుడుస్తుంటే పెద్దదాని స్విచ్ మీద చెయ్యి పడింది. ఎవరూ పట్టుకోకుండానే అది ఎడమకి చివరిదాకా తిరిగి, మళ్ళీ కుడికి తిరిగి, మధ్యలో ఆగింది. గుడ్డ అక్కడే పడేసి వెనక్కి జరిగాను. తాతయ్య లారీ వానలో జారిన రోజు పక్క సీట్లో ఉన్నదాన్ని నేను. ఆయన చేతుల్లోంచి స్టీరింగు అలాగే తిరిగిపోయింది. నువ్వేమో "ఆన్ చేస్తే అంతే అమ్మమ్మా, అది తనని తాను సరిచూసుకుంటుంది" అని నవ్వేసి కాలేజీకి పోయావు. అందుకే పెద్దది వద్దంటున్నా.

చెప్పులేసుకున్నదాన్ని మళ్ళీ లోపలికొచ్చి రాస్తున్నా. పైన రాసింది వదిలెయ్. నిన్న నువ్వు ఆడుతుంటే చూశాను. చిన్నదాంతో ఆటలో బండి జారినా నీ చేతులకి తెలియలేదు, అదే వేగంతో పోయావు. పెద్దదైతే బండి జారినప్పుడు చేతుల్ని గుంజింది, గుంజగానే భయపడి వేగం తగ్గించావు. వచ్చే నెల నిజం కారు నేర్చుకుంటానంటున్నావు కదా. పెద్దదే ఉంచుకో.

ఆన్ చేసే ముందు మాత్రం ఒక్క కేక వెయ్యి. నేను వంటింట్లోకి వెళ్ళిపోతాను.