దాణా డబ్బాకి తాళం

ఫిబ్రవరి 4
మహారాణికి రెండో నెల. మేకకి ఆ పేరు పెట్టింది అత్తగారు. ఇద్దరి తిండి తినాలంటూ ఈ రోజు నుంచి దాణా రెండింతలు చేశారు. అది చూసి మా ఆయన పైకప్పు లేచిపోయేలా అరిచారు. ఈయన పశువుల డాక్టరు. లోపల పిల్ల ఇంకా చిట్టెలుకంతే ఉందట, ఇప్పుడు పెట్టిందంతా తల్లి కొవ్వుకేనట, రేపు ఈనడానికి నానా తిప్పలూ పడుతుందట. ఇంకా ఏదో చెప్పబోయారు. అత్తగారు మిక్సీ ఆన్ చేశారు. ఖాళీ మిక్సీ.

ఫిబ్రవరి 5
దాణా డబ్బాకి తాళం పడింది. డాక్టరుగారి ఆర్డరు కదా, ఈనేదాకా ఒక్క గింజ కూడా పెట్టరట. కొడుకుని పాకలో అడుగు పెట్టొద్దన్నారు. పిలిస్తేగానీ రానన్నారు ఈయన. ఊళ్ళో ఏ గేదె తుమ్మినా పరిగెత్తే మనిషి!

మార్చి 22
పొట్ట డ్రమ్ములా ఉంది, వెన్నెముక మాత్రం చేతికి గుచ్చుకుంటోంది. అత్తగారికి చెబితే మీ ఆయన్నే అడగమన్నారు. ఆయన్ని అడిగితే అమ్మనే వచ్చి అడగమన్నారు. తల్లీకొడుకుల మధ్య నేను పోస్ట్‌మాన్‌ని. జీతం లేదు.

ఏప్రిల్ 16, ఉదయం
మహారాణి గడ్డి ముట్టలేదు.

ఏప్రిల్ 16, సాయంత్రం
లేవడం లేదు. పళ్ళు నూరుతోంది. నోట్లోంచి నెయిల్ పాలిష్ రిమూవర్ వాసన. అత్తగారు దాని మెడ పట్టుకుని ఏడుస్తున్నారు, అయినా కొడుకుని పిలవరట. నాకు ఒళ్ళు మండింది. టీ తాగుతున్న ఈయన్ని చెయ్యి పట్టుకుని పాకలోకి లాక్కొచ్చాను.

చూడగానే మళ్ళీ అరుపులు, దాణా ఆపమని ఎవరు చెప్పారని. నువ్వే కదా అన్నారు అత్తగారు. మొదటి మూడు నెలలే ఎక్కువ వద్దన్నానని, పిల్లలు గబగబా పెరిగేది చివరి రెండు నెలల్లోనేనని, అప్పుడు పెంచాలని కూడా చెప్పానని ఈయన. మిక్సీ మోతలో చెప్పారన్నమాట!

నోరు మూసుకోండి ఇద్దరూ, అని అరిచాను. మూసుకున్నారు. పెళ్ళయ్యాక ఇదే మొదటిసారి.

నరానికి గ్లూకోజ్ ఎక్కిస్తూ ఈయన మెల్లగా చెప్పారు. పొట్టంతా పిల్లలే ఉంటే గడ్డికి చోటుండదట. కొంచెం తిన్నా సత్తువున్న తిండి కావాలట. అది దొరక్కపోతే తల్లి తన కొవ్వు తనే కరిగించుకుంటుందట, అదే దానికి విషమవుతుందట.  ఎలాగైనా బతికించమన్నారు అత్తగారు. బతుకుతుందని ఈయన మాటివ్వలేదు. నాకు భయంగా ఉంది.

ఏప్రిల్ 19
నిలబడింది! గుప్పెడు దాణా తింది. అత్తగారు తాళం తీసి పెరట్లోకి విసిరేశారు. ఈయన మోకాలికి తగిలింది.

మే 2
మూడు! మూడోది ఊపిరి తీసుకోకపోతే ఈయన దాని ముక్కులోకి నోటితో ఊదారు. అత్తగారు కొడుకు మొహం తన కొంగుతో తుడిచి, ఊళ్ళో ఇలాంటి డాక్టరు లేడన్నారు. ఊళ్ళో ఉన్నది ఈయనొక్కరే.

మే 19
నా కంచంలో ఇంకొంచెం పెట్టమన్నాను. ఇప్పుడప్పుడే అక్కర్లేదన్నారు అత్తగారు, ఏడో నెల నుంచి తనే చూసుకుంటారట.

నెల తప్పిన సంగతి నేనింకా ఎవరికీ చెప్పలేదు.

డాక్టరుగారు ఎదురుగానే కూర్చుని తింటున్నారు. తల కూడా ఎత్తలేదు.