మానిటర్ మీద బొట్టు

శుక్రవారం, వట్లూరు

మా ఆఫీసు వీడియో గేమ్ కోసం నేను గీసిన రాక్షసిని ఇవాళ అత్తయ్య గారు చూసేశారు. రెక్కలూ, గొంతు కింద వేలాడే సంచీ కొల్లేటి గూడబాతువి. అంతవరకూ ఫర్వాలేదు. ఆ పసుపు మొహం, పెద్ద బొట్టు, చేతినిండా ఆకుపచ్చ గాజులు మాత్రం వీళ్లింటి పేరంటాలమ్మవి. ఎప్పుడో ముత్తయిదువగా, ఆ గాజులతోనే పోయి ఇలవేల్పయిన కోడలావిడ. నా పెళ్లిచీర కూడా ముందు ఆవిడకి చూపించాకే కట్టుకున్నాను.

"ఏమ్మా, మన పేరంటాలమ్మ కదూ! పక్షినెక్కి వచ్చిందా?" అన్నారు మురిసిపోతూ.

"అవునండీ" అన్నాను. ఆటలో ఆవిణ్ణి చంపితేనే గెలుపని చెప్పడానికి నోరు రాలేదు. బుద్ధుందా నాకసలు? పక్షి ఒక్కటీ సరిపోయేది కాదూ?

అత్తయ్య గారు కుంకుమ తెచ్చి మానిటర్‌కి బొట్టు పెట్టారు. "కోడలి పని చల్లగా చూడు తల్లీ" అని దణ్ణం పెట్టుకున్నారు.

ఆ తర్వాత ఆఫీసు వీడియో కాల్. బొమ్మ అందరికీ తెగ నచ్చింది. "చచ్చేటప్పుడు ఆ గాజులు ఒక్కొక్కటే పగిలితే ఎలా ఉంటుందండీ?" అనడిగాడు మా టీమ్ లీడ్. తెర మీద అతని మొహం పక్కనే ఆ కుంకుమ.

"చాలా బావుంటుందండీ" అన్నాను.