నాలుగో తరగతి గుమ్మం

అమ్మడూ,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. నేను తప్ప అని రాద్దామనుకున్నాను గానీ, మీ అమ్మ చదివాకే ఏ ఉత్తరమైనా కవరులోకి వెళ్తుంది కాబట్టి అందరం క్షేమమే.

అమ్మ మోకాలి సంగతి అడిగావు. నొప్పి తగ్గింది, దాంతోపాటు నా మాట వినడమూ తగ్గింది. మెట్లెక్కొద్దంటే రోజుకు నాలుగుసార్లు డాబా మీదికి వెళ్తోంది. నువ్వు అడిగిన బల్ల పూర్తయింది, పాలిష్ ఆరాలి. తమ్ముడు పరీక్ష పాసయ్యాడు, ఎలా అని మాత్రం అడగకు.

కొత్త ఉద్యోగంలో నీకు నాలుగో తరగతి ఇచ్చారని, అది రెండేళ్ల క్రితం నేను గుమ్మాలు బిగించిన బడేనని రాశావు. "ఈ గుమ్మం మా నాన్న పెట్టాడు" అని పిల్లలతో చెప్పావట. ఆ వాక్యం దగ్గర ఆగి మూడుసార్లు చదువుకున్నాను. దాని కిందే, తలుపు నేలకు రాసుకుంటోందని, గుమ్మం పక్కన గోడ పూతలో వెంట్రుకంత చీలిక పైనుంచి దిగుతోందని, వానల చెమ్మ కాబోలని రాశావు.

చెమ్మ కాదమ్మా.

అప్పటి నుంచి ఒకచోట కూర్చోలేకపోతున్నాను. ఇంట్లో ఉన్న ప్రతి తలుపూ వేసి తీసి చూస్తున్నాను. "కాలుగాలిన పిల్లిలా ఏంటా తిరుగుడు? తలుపులేమైనా పారిపోతాయా?" అంది మీ అమ్మ. నువ్వు మామూలుగా రాసిన మాటకు నేను గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకుంటున్నాను. రెండుసార్లు ఫోన్ చేసి "తిన్నావా" అని మాత్రం అడిగి పెట్టేశాను. నిన్న మూడోసారి చేసి, పిల్లల్ని ఆ గదిలోంచి వరండాలోకి మార్చమన్నాను. ఎందుకని అడిగావు. బస్సు వచ్చిందని అబద్ధం చెప్పి పెట్టేశాను. ఎందుకో ఇప్పుడు చెప్తున్నాను.

గుమ్మం గోడలో ఊరికే నిలబడదు. చెక్క వెనక ఒక్కో పక్కకు మూడేసి ఇనుప పట్టీలు బిగిస్తాం. గోడ లేస్తుంటే తాపీమేస్త్రి వాటి తోకల్ని కాంక్రీటులో కప్పేస్తాడు. తలుపు లాగినప్పుడల్లా ఓర్చుకునేది పై పట్టీ. అది లేకపోయినా కొన్నాళ్లు ఏమీ తెలియదు. పూత పూశాక ఎవరికీ కనపడదు కూడా. తర్వాతెప్పుడో గుమ్మం గోడను వదిలి ఒరగడం మొదలుపెడుతుంది.

నీ చదువు ఆఖరి ఏడాదిలో నీ గదికి గుమ్మం లేదు, గుర్తుందా? దుప్పటి వేలాడదీసుకుని, చెవుల్లో దూది పెట్టుకుని చదివేదానివి. అందరి ఇళ్లకూ తలుపులు పెట్టేవాడి కూతురు దుప్పటి చాటున చదువుతోందని మీ అత్త నవ్వింది. నాకు రోషం వచ్చింది. మేస్త్రిని బతిమాలితే ఒక ఆదివారం వచ్చాడు. తీరా చూస్తే రెండు పట్టీలు తక్కువ, దుకాణం మూసి ఉంది. బడి పని కోసం నా సంచిలో ఉన్నవాటిలోంచి రెండు తీసి నీ గుమ్మానికి బిగించాను. మర్నాడు కొని కలిపేద్దామనుకున్నాను.

మర్నాడు పొద్దున్నే బడిలో మేస్త్రి ఇప్పటి నీ తరగతి గది గోడ లేపడం మొదలుపెట్టాడు.

"పైన పట్టీలేవి?" అన్నాడు.

"నాలుగు చాల్లే, కట్టెయ్."

"చాలవని అందరికీ చెప్పేది నువ్వే కదా?"

"ఈ ఒక్కదానికి చాలు."

ఇంకేమీ అనకుండా కట్టేశాడు. గంట ఆగమంటే ఆగేవాడు. కానీ ఎందుకు తగ్గాయని సూపర్‌వైజరు అడిగితే ఇంటికి పట్టుకెళ్లానని చెప్పాలి. ఆ సిగ్గుకు ఓర్చుకోలేకపోయాను. ఆ బడిలో పదకొండు గుమ్మాలు సరిగ్గా పెట్టాను. పన్నెండోది నాలుగో తరగతిది.

ఇవాళ పొద్దున నీ గది గుమ్మాన్ని భుజంతో నెట్టి చూశాను. రాయిలా ఉంది. సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. మీ అమ్మకు అంతా చెప్పాను.

"చేసిన పాపం చెబితే పోతుందంటారు కదా" అన్నాను.

"చెబితే ఏం పోతుంది? ఉలి తీసుకుని బయల్దేరు" అంది.

శనివారం మధ్యాహ్నానికి వస్తున్నాను. రెండు కొత్త పట్టీలు, ఉలి, సుత్తి సంచిలో సర్దాను. ముందు మీ హెడ్‌మిస్ట్రెస్‌ను కలిసి నా తప్పు నేనే చెప్తాను. నువ్వు పక్కన ఉండక్కర్లేదు. ఆవిడ ఎన్ని తిట్టినా పడతాను. గోడ అంచు తవ్వి పట్టీలు బిగించి, కాంక్రీటు నింపి, మిగతా పదకొండూ కూడా తట్టి చూసి వస్తాను.

పిల్లలతో నువ్వు చెప్పిన మాట వెనక్కి తీసుకోకు. కాంక్రీటు గట్టిపడటానికి వారం పడుతుంది, అంతవరకు ఆగు. ఆ తర్వాత వాళ్లకు మళ్లీ చెప్పు, ఆ గుమ్మం మీ నాన్న పెట్టాడని.

ఇట్లు,
శనివారం ఎప్పుడొస్తుందా అని చూస్తున్న
నాన్న