పెరట్లో తుంగమడి

చిరంజీవి అబ్బాయికి అమ్మ ఆశీర్వదించి రాయించేది. ఇక్కడ అందరం కులాసాగానే తిరుగుతున్నాం, నువ్వూ అక్కడ కులాసా అనుకుంటాను. రాసేది నీ పెళ్లామే, నా కోడలు. "ఆయన మాటకి ఎదురు చెప్పే ఉత్తరం కూడా నా చేత్తోనే రాయిస్తారా అత్తయ్యా?" అంటోంది. ఈ ఇంట్లో రాత వచ్చింది నీకొక్కదానికే, రాయవే అన్నాను.

నా మోకాలు ఎలా ఉందని అడిగావు. మోకాలి నోరు మోకాలిది, నా నోరు నాది. ఇద్దరం అరుచుకుంటూ పొద్దుపుచ్చుతున్నాం. పిల్లలకు దగ్గు తగ్గింది. పెరట్లో పునాది తీశారా అని కూడా అడిగావు. తియ్యలేదు. నేనే తియ్యనివ్వలేదు. తాపీమేస్త్రి ఎప్పుడొచ్చినా గుమ్మంలోంచే పంపేశాను. ఎందుకో నా నోటితో విను.

పెరట్లో గది కట్టి, సైకిళ్లు బాగుచేసే కొట్టు పెట్టుకొని, ఆ పరాయి ఊరి పని మానేసి ఇక ఇంటిపట్టునే ఉంటానన్నావు. మంచి మాటే. కానీ అది ఖాళీ జాగా కాదురా, నా తుంగమడి. సముద్రం మన ఊరిని మింగేసిన ఏడు అందరూ బిందెలూ మంచాలూ మోసుకొస్తే, నేను తడిగోనెలో తుంగదుంపలు చుట్టి తెచ్చాను. బండిలో చోటు లేదని మీ నాన్న గొణిగితే, అయితే నువ్వు దిగి నడువు అన్నాను. నడిచాడు పాపం. ఆ తుంగ కోసి, నిలువునా చీల్చి, నీడన ఆరబెట్టి, మళ్లీ తడిపి చాప నేస్తుంటే, ఆ వాసనకి మా అమ్మ పక్కన కూర్చున్నట్టే ఉండేది. ఆ ఊరు ఇప్పుడు నా చేతి కింద తప్ప ఇంకెక్కడుంది చెప్పు? దాని మీద ఇటుకలు పేరుస్తానంటే ఊరుకుంటానా? ఇదీ నా వాదన. కోడలు కూడా తల ఊపింది.

ఇక మిగిలింది విను. ఇక్కడి తుంగ ఏపుగా పెరిగేది గానీ సత్తువ ఉండేది కాదు. చాప మడిస్తే మడత దగ్గర పుటుక్కున విరిగేది. మన ఊళ్లో ఏరూ సముద్రమూ కలిసేచోట ఉప్పునీళ్లలో పెరిగింది కాబట్టి దానికా గట్టిదనం. ఇక్కడిది కొళాయినీళ్ల తుంగ. అందుకని మడిలో ఉప్పు పోశాను. మొదట చారెడు, తర్వాత బకెట్లో కలిపి, ఆ తర్వాత మూట విప్పి నేరుగానే. ఆకు పండుబారిన కొద్దీ, ఇంకా చాలలేదేమోనని ఇంకా పోశాను. మొత్తం చచ్చిపోయింది. ఇంట్లోవాళ్లకి కోసేశానని అబద్ధం చెప్పాను. దుంపలు తవ్వి చూస్తే చేతిలో పిండిలా రాలిపోయాయి. "ఉప్పు పారబోస్తున్నారని పిల్లల్ని కొట్టాను కదా అత్తయ్యా!" అంటోంది కోడలు. అదీ రాయమన్నాను.

ఓడిపోయానని ఒప్పుకొని, ఈ పొద్దున కోడలు పనికి వెళ్లాక మేస్త్రిని నేనే పిలిపించాను. గది కట్టెయ్యవయ్యా అన్నాను. అతను గడ్డపారతో పెళ్లగించి, చిటికెడు మట్టి నాలుక మీద వేసుకొని ఉమ్మేశాడు.

"ఇదేంటమ్మా, నేలని ఉప్పుమడి చేసి పెట్టావు! ఇక్కడ ఇటుక నిలవదు, గోడ పొడిపొడిగా రాలిపోతుంది. లోతుగా మట్టంతా తీసి పారేసి కొత్తమట్టి నింపాలి. మీ వల్ల అయ్యే పని కాదులే" అని గడ్డపార భుజాన వేసుకొని వెళ్లిపోయాడు. మనకున్న జాగా అదొక్కటే అని నీకూ తెలుసు. తుంగా లేదు, గదీ లేదు.

తిట్టాలని ఉంటే ఉత్తరంలో తిట్టకు, కోడలు మెత్తగా మార్చి చదివేస్తుంది. వచ్చి ఎదురుగా తిట్టు అందామంటే, నువ్వు రావడానికి నేను చోటే ఉంచలేదు.

ఇక్కడ కోడలు కలం పక్కన పెట్టేసింది. "అయితే ఆయన ఇక రారా అత్తయ్యా?" అని అడిగింది. కలం తీసి మళ్లీ దాని చేతిలో పెట్టాను. ఆ అడిగిందే వాడికి రాయవే అన్నాను. రాసింది.

ఇట్లు,
వేలిముద్ర వేసిన
మీ అమ్మ