కదలని నలభై

మంగళవారం, బర్గూరు

రాళ్లు కోసే మిషన్‌ను నడిపే కంప్యూటర్ ఈరోజు కాలిపోయింది. నేను చూసుకునే నల్ల తెర మీద మాత్రం దాని వేడి నలభై డిగ్రీలు అనే ఉంది. పాత లినక్స్ కంప్యూటర్‌లో ఆ అంకె ఎక్కుతూ దిగుతూ ఉండేది. కొత్త విండోస్ కంప్యూటర్ వచ్చాక, వేడి చూపించే ఆ ప్రోగ్రామునే మా ఇంజనీరు మునిరాజు అందులో కూడా నడిచేలా మార్చాడు. అంకె కదలడం లేదేమని అప్పుడే అడిగాను. "కొత్తదప్పా, వేడెక్కదు" అన్నాడు. నమ్మాను.

సాయంత్రం మళ్లీ అడిగితే నవ్వాడు. "విండోస్‌లో వేడి చదివేది నాకు కుదర్లేదప్పా. ఆడ ఖాళీగా ఉంటే ఓనరు అడుగుతాడని నలభై అని నేనే పెట్టినాను."

తెలియదని పెట్టి ఉంటే చేత్తో తాకి చూసేవాణ్ణి.

ఓనరు వచ్చి, "ఎవరప్పా ఈడ చూసుకుంటా ఉండింది?" అని అరిచాడు. మునిరాజు నా వైపు చూపించాడు. ఆరేళ్లుగా నా డబ్బాలో రాగిముద్ద పంచుకున్నవాడు. రేపు తేలుస్తానని ఓనరు వెళ్లిపోయాడు.

ఇందాక మునిరాజు ఫోన్ చేశాడు. "రేపు అడిగితే కునుకు పట్టిందని చెప్పప్పా. పెద్దాయనవని నిన్ను వదిలేస్తాడు. నన్నయితే పనిలోంచి తీసేస్తాడు."

ఆ కుర్చీలో నేను ఒక్కనాడూ కునుకు తీయలేదు. అయినా సరే అన్నాను. కోపం ఫోన్ పెట్టేశాక వచ్చింది.