షారోను నవ్వు

ఏవండీ, అన్నం వార్చి ఉంచాను, పులుసు వేడిచేసుకోండి. కోళ్లను గూట్లో పెట్టి తలుపు బిగించండి. చేపల చెరువు దగ్గర మీ ఫోను పలకలేదు, అందుకే ఈ చీటీ. నేను పాపను తీసుకుని ఏలూరు వెళ్లి బెజవాడ రైలెక్కుతున్నాను. అక్కడ స్టేషనుకి తమ్ముడు ఎడ్విన్ వస్తాడు.

పొద్దున్న డాక్టరు గారు స్కానింగ్ రిపోర్టు చూశారు. షారోను తలలో చిన్న గడ్డ ఉందట. ఉన్నట్టుండి వచ్చే ఆ నవ్వు నవ్వు కాదట, ఆ గడ్డ వల్ల వచ్చే ఫిట్స్ అట. "పాప ఆపుకోలేదమ్మా, అప్పుడు దానికి సంతోషం కూడా ఉండదు" అన్నారు డాక్టరు గారు. ప్రాణభయం లేదు గానీ, బెజవాడ పెద్దాసుపత్రిలో చూపించడానికి ఆలస్యం చేయొద్దన్నారు.

మామయ్య గారి సమాధి దగ్గర నవ్విందని మీరు దాన్ని అందరి ముందూ కొట్టారు. అప్పటినుంచీ నవ్వు వస్తుందనిపిస్తే చాలు, పెరట్లోకి పరిగెత్తి గౌను అంచు నోట్లో కుక్కుకుంటోంది. డాక్టరు గారి మాట విని, "అమ్మా, ఇది నాన్నకి చెప్తావా?" అని అడిగింది. నువ్వే చెప్పవే అన్నాను. "నేను చెప్తే నమ్మరు" అంది.

ఆటో వాకిట్లో ఆగి ఉంది. రేపు మొదటి బస్సుకే వచ్చేయండి. దాన్ని చూసి ఏడవకండి, క్షమించమని కూడా అడగకండి, భయపడుతుంది.

మరిచాను. మళ్లీ నవ్వొస్తే ఆగేదాకా ఎవరినైనా దాని చెయ్యి పట్టుకుని కూర్చోమన్నారు. పాపకి నాది వద్దట. మీదే కావాలట.

హెప్సిబా