దేవునికి చూపని కోడలు

భీంబాయీ,

ఏండ్ల సంది నా కడుపుల మండుతున్న మాట ఇది. కొత్త కోడల్ని జాతరల అత్తనే చెయ్యి పట్టి దేవునికి చూపియ్యాలె. అప్పుడే ఆమె మన రాజుల కులం ఇంటిది. మన కోడలు మోతిని నువ్వు చూపియ్యలే. "కూలికి పోయే కైకిలోళ్ల పిల్ల" అంటివి.

నువ్వు మంచంల పడ్డంక ఆ పిల్లనే నీకు జొన్న గట్క తాగిచ్చింది. "అత్తా, వచ్చే జాతరకన్న తోల్కపోతవా?" అని నవ్వుకుంట అడిగేది. నువ్వు గోడ దిక్కు మర్లేదానివి. నన్ను మాత్రం బాపు అనేది.

ఇయ్యాల పొద్దుగాల జ్వరంతోటి పోయింది. జీపు ఉట్నూరు దవాఖాన చేరనే లేదు. "దేవునికి చూపని మనిషిని రాజుల జాగల బొంద పెట్టద్దు" అంటుండ్రు పెద్దమనుషులు. కొడుకు తల వంచుకొని కూసున్నడు.

ఆమె మనదా, కాదా? రేపు సోమవారం పొద్దెక్కేలోపల కలలకొచ్చి చెప్పు. చెప్పకుంటే నీ సమాధి పక్కన నాకుంచిన జాగల ఆమెనే పెడ్త.